రవీంద్రుని శాంతినికేతనం

పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో కలకత్తా నగరంలోని జొరాసాంకోలో ఒక పెద్ద లోగిలి ఉండేది. ఆ ఇంట్లో పిల్లల ఆలనాపాలనా సేవకుల చేతిలో ఉండేది. శ్యామ్ అనే సేవకుడు ఒక చిన్నవాణ్ణి గదిలో కూర్చోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గిరి గీసి, అది దాటితే ఆపద తప్పదని బెదిరించి తన పని చూసుకోవడానికి వెళ్లిపోయేవాడు. లక్ష్మణుడు గీసిన గీత దాటిన సీతకు ఏమైనదో ఆ పిల్లవాడు విని ఉన్నాడు. అందుచేత గిరి దాటకుండా, కిటికీలోంచి కనిపించే చెరువును, గట్టున ఉన్న మర్రిచెట్టును, స్నానానికి వచ్చిపోయేవారిని గంటల తరబడి చూస్తూ గడిపేవాడు. ఆ పిల్లవాడే రవీంద్రనాథ ఠాగూరు. నలభై ఏళ్ల వయస్సులో ఆయన గిరులు లేని బడి ఒకటి కట్టబూనాడు. కవిగా ఆయన కీర్తి లోకవిదితం. ఆ బడి కోసం ఆయన పడిన పాటు అంతగా తెలియదు. ఈ పాఠంలో ప్రధానంగా చెప్పదలచినది దానిని గురించే.

రవీంద్రుడు 1861 మే 7వ తేదీన దేవేంద్రనాథుడు, శారదాదేవి దంపతులకు జన్మించాడు. బ్రతికి బట్టకట్టిన సంతానంలో కడగొట్టువాడు. తాత ద్వారకానాథుడు వ్యాపారంలో అపారమైన ధనం గడించి, రాజభోగాలు అనుభవించి, అప్పులు మిగిల్చి పోయాడు. తండ్రి ఆ అప్పులు తీర్చి, ఉపనిషత్తులను ఆశ్రయించి, బ్రహ్మసమాజ నాయకుడై మహర్షిగా పేరుపొందాడు. పెద్దన్న ద్విజేంద్రనాథుడు తత్త్వవేత్త. రెండవ అన్న సత్యేంద్రనాథుడు ఇండియన్ సివిల్ సర్వీసులో చేరిన తొలి భారతీయుడు. జ్యోతిరింద్రనాథుడు సంగీత నాటకాలలో నిపుణుడు. అక్క స్వర్ణకుమారీదేవి నవలా రచయిత్రి. ఇన్ని విద్యలకు నెలవైన ఇంట పుట్టి కూడా రవీంద్రుడు ఏ బడిలోనూ నిలదొక్కుకోలేకపోయాడు.

మొదట బడికి పోతానని మారాం చేసినవాడు ఆయనే. తనకంటె పెద్దపిల్లలు బండి ఎక్కి బడికి పోతూ ఉంటే తాను ఇంట మిగిలిపోయినందుకు ఏడ్చాడు. ఇంటి పంతులు చెంప మీద ఒకటి వేసి, ఇప్పుడు పోవడానికి ఏడుస్తున్నావు, రేపు పోకుండా ఉండడానికి ఇంతకంటె ఎక్కువ ఏడుస్తావని జోస్యం చెప్పాడు. ఆ జోస్యం నిజమైంది. ఓరియంటల్ సెమినరీ, నార్మల్ స్కూలు, బెంగాల్ అకాడమీ, సెయింట్ జేవియర్స్ - నాలుగు చోట్లకు మారినా ఎక్కడా ఆయన మనసు కుదుటపడలేదు. నార్మల్ స్కూలులో పాఠాలకు ముందు పిల్లలందరి చేత ఒక ఇంగ్లీషు పాట పాడించేవారు. ఆ పాటకు అర్థమేమిటో పాడేవారిలో ఒక్కరికీ తెలియదు. అక్కడి ఉపాధ్యాయుడు ఒకాయన నోటి దురుసుతనానికి రోసి, రవీంద్రుడు ఏడాది పొడుగునా ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పక చివరి వరుసలో కూర్చున్నాడు. సంవత్సరాంత పరీక్షలో బెంగాలీలో అతనికే అందరికంటె ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ ఉపాధ్యాయుడు నమ్మక మళ్లీ పరీక్ష పెట్టించాడు. మళ్లీ అతడే మొదటివాడైనాడు.

బడిలో నేర్చినది ఇంటికి వచ్చి వల్లెవేసే పద్ధతి ఒకటి ఆ వయస్సులో ఆయనకు ఉండేది. వరండా కటకటాల కర్రలను శిష్యులుగా భావించి, బెత్తం పట్టుకొని వాటికి పాఠం చెప్పేవాడు. చెడ్డ శిష్యులుగా తాను నిర్ణయించిన కర్రలు దెబ్బలకు నిలువునా చెక్కుకుపోయాయి. ఉపాధ్యాయుల నుండి తాను చదువు కంటె ముందు కోపాన్నే నేర్చుకొన్నానని పెద్దవాడైన తరువాత ఆయన గ్రహించాడు. సెయింట్ జేవియర్స్‌లో మాత్రం ఒక చల్లని జ్ఞాపకం మిగిలింది. డి పెనరాండా అనే స్పెయిన్ దేశపు మతగురువు, దిగులుగా కలం కదపక కూర్చున్న బాలుని వద్ద ఆగి, భుజం మీద చేయి వేసి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. అంతకుమించి జరిగినదేమీ లేదు. అయినా ఆ స్పర్శను రవీంద్రుడు వృద్ధాప్యం వరకు మరువలేదు.

1873లో ఉపనయనం జరిగింది. గుండు చేయించుకున్న తలతో బడికి ఎలా పోవాలా అని బెంగపడుతున్న సమయంలో, తనతో హిమాలయాలకు వస్తావా అని తండ్రి అడిగాడు. త్రోవలో వారు బోల్‌పూర్ దగ్గర ఉన్న శాంతినికేతనంలో కొన్నాళ్లు ఆగారు. బీడు భూమిలో రెండు ఏడాకులపొన్న చెట్లు తప్ప మరేమీ లేని ఆ తావును మహర్షి 1863లో ధ్యానానికని తీసుకొన్నాడు. గిరిలో పెరిగిన బాలునికి అక్కడ మొదటిసారిగా స్వేచ్ఛ లభించింది. వాన నీటికి కోసుకుపోయిన ఎఱ్ఱమట్టి గట్లలో తిరిగి గులకరాళ్లు ఏరి తెస్తే తండ్రి విసుగుకోక మెచ్చుకొన్నాడు. తన బంగారు గడియారానికి తాళం ఇచ్చే పని కొడుక్కి అప్పగించాడు. బాలుడు అత్యుత్సాహంతో తిప్పగా తిప్పగా గడియారం మరమ్మతుకు పోయింది. తండ్రి మందలించలేదు. డల్హౌసీ కొండలలో వేకువనే లేపి సంస్కృతం చెప్పాడు. రాత్రి నక్షత్రాలను చూపి ఖగోళం బోధించాడు. నాలుగు బడులు చేయలేని పనిని ఆ నాలుగు నెలలు చేశాయి.

ఇంటి చదువులో మరొక ముచ్చట ఉంది. తండ్రి పుస్తకాలలో ఉన్న జయదేవుని గీతగోవిందం ప్రతిలో పద్యపాదాలు విడదీయక, వచనంవలె కలిపి అచ్చువేశారు. అప్పటికి సంస్కృతం సరిగా రాని బాలుడు అర్థం తెలియకపోయినా చెవితో లయను పట్టి, పాదం ఎక్కడ ఆగుతుందో తానే కనిపెట్టి, కావ్యమంతా పాదాలుగా విడదీసి నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాడు. ఛందశ్శాస్త్రం నేర్పే మావంటివారు ఈ సంగతి తలచుకొన్నప్పుడు కొంత సిగ్గుపడవలసి ఉంటుంది. ఇంటి ఉపాధ్యాయుడు ఒకాయన కుమారసంభవం చెప్పి, మాక్బెత్ నాటకాన్ని బెంగాలీలోకి మార్చేదాకా గది తలుపు వేసి ఉంచేవాడట. ఈ నిర్బంధం మాత్రం ఆయనకు మేలే చేసింది.

తరువాతి కథ వేగంగా సాగింది. 1875లో తల్లి మరణించింది. భానుసింహుడు అనే మారుపేరుతో వైష్ణవ పదాలు వ్రాసి పండితులను భ్రమింపజేశాడు. 1878లో ఇంగ్లండు వెళ్లి, లండన్ విశ్వవిద్యాలయ కళాశాలలో కొన్నాళ్లు చదివి, 1880లో పట్టా లేకుండానే తిరిగి వచ్చాడు. 1883లో మృణాళినీదేవితో వివాహమైంది.

తొంభయ్యవ దశకంలో తండ్రి ఆజ్ఞపై తూర్పు బెంగాల్లోని షిలైదహా, పతిసర్ మొదలైన జమీందారీ గ్రామాల పర్యవేక్షణ ఆయన మీద పడింది. పద్మానదిపై పడవలోనే ఎక్కువ కాలం గడిచింది. ఊరి పోస్టుమాస్టరు ఏకాంతం, బాకీలు కట్టలేని రైతు, అత్తవారింటికి పోతూ పడవలో ఏడ్చే పిల్ల - ఆయన కథానికలలోకి ఇటువంటివారే నడచివచ్చారు. బెంగాలీలో కథానిక అనే ప్రక్రియ ఆ పడవలోనే పెరిగి పెద్దదైందంటే అతిశయోక్తి కాదు. పల్లెటూరి జీవితాన్ని, నగరంలోని కళాశాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఆయనకు ఒక విషయం స్పష్టమైంది. చదివిన చదువు ఒక భాషలో, బ్రతికే బ్రతుకు మరొక భాషలో ఉన్నంతకాలం ఆ చదువు రక్తంలో కలవదు. 1892లో ప్రకటించిన ఒక వ్యాసంలో ఆయన ఈ మాటను గట్టిగా వాదించాడు. మాతృభాషలోనే విద్య నేర్పాలన్న ఆ వాదం అప్పటి విద్యావంతులకు రుచించలేదు.

1901 డిసెంబరు 22వ తేదీన శాంతినికేతనంలో అయిదుగురు విద్యార్థులతో బ్రహ్మచర్యాశ్రమం అనే పేరుతో పాఠశాల ప్రారంభమైంది. ఆ అయిదుగురిలో ఆయన పెద్దకొడుకు రథీంద్రనాథుడు ఒకడు. ప్రాచీన తపోవనాన్ని పునరుద్ధరించాలని ఆయన సంకల్పం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. తపోవనం అనగానే మనకు నియమాలు, కృష్ణాజినాలు గుర్తుకు వస్తాయి. భవభూతి ఉత్తరరామచరితంలో వాల్మీకి ఆశ్రమపు వటువులు, అతిథులు వచ్చినందువల్ల ఆ దినం పాఠం లేదని సంబరపడే ఘట్టం ఒకటి ఉంది. రవీంద్రుడు కోరినది ఆ ఉల్లాసంతో కూడిన తపోవనాన్నే.

మొదట విద్యార్థుల నుండి రుసుము తీసుకోలేదు. పూరీలో ఉన్న ఇల్లు అమ్మాడు. భార్య నగలు అమ్మాడు. మృణాళినీదేవి కాదనకుండా నగలిచ్చి, పిల్లలకు స్వయంగా వండిపెట్టింది. ఏడాది తిరగకముందే జబ్బుపడి, 1902 నవంబరు 23న, ముప్పయ్యేళ్లు నిండకుండానే ఆమె కన్నుమూసింది. మరుసటి ఏడు రెండవ కుమార్తె రేణుక క్షయతో మరణించింది. 1904లో పాఠశాలకు ప్రాణంవంటి యువ ఉపాధ్యాయుడు సతీశచంద్ర రాయ్ మశూచికి బలియైనాడు. 1905లో తండ్రి పోయాడు. 1907లో, సరిగా భార్య పోయిన తేదీనాడే, పదకొండేళ్లయినా నిండని చిన్నకొడుకు శమీంద్రుడు ముంగేరులో కలరాతో చనిపోయాడు. అయిదేళ్లలో ఇన్ని చావులు చూసినవాడు పాఠశాలను మూసివేసినా తప్పు పట్టేవారు లేరు. ఆయన మూయలేదు. అప్పు చేసి నడిపాడు. ఊళ్లో వారు మాత్రం ఈ బడిని అల్లరి పిల్లలను దారిలో పెట్టే తావుగా భావించి, తమ వల్ల కానివారిని తెచ్చి అక్కడ వదిలివెళ్లేవారు.

రవీంద్రుని భావాలు పుట్టుకతోనే పరిపక్వమై ఉన్నాయనుకోవడం సరికాదు. బాల్యవివాహాల దోషం తెలిసినవాడే 1901లో పదేళ్ల రేణుకకు వివాహం చేశాడు. ఆశ్రమంలో తొలినాళ్లలో భోజనాల వద్ద వర్ణభేదం పాటించారు. బ్రాహ్మణ విద్యార్థులు బ్రాహ్మణేతర గురువుకు పాదాభివందనం చేయవచ్చునా అనే ప్రశ్న పుట్టినప్పుడు ఆయన చెప్పిన సమాధానం సంప్రదాయాన్ని దాటలేదు. 1905లో బెంగాల్ విభజనను వ్యతిరేకిస్తూ ఊరేగింపులు నడిపి, హిందూ ముస్లిముల చేతులకు రాఖీలు కట్టించిన తరువాత, ఆ ఉద్యమం పెడదారి పట్టడం చూసిన తరువాత, ఆయన దృష్టి మారింది. ఆచారాన్నే దేశభక్తి అనుకొన్న యువకుడు, తాను పుట్టుకచేత హిందువు కానని తెలిసి విముక్తుడయ్యే గోరా నవలను ఆ రోజులలోనే వ్రాశాడు. ఆశ్రమంలో పంక్తిభేదాలు క్రమంగా పోయాయి.

అక్కడి దినచర్య వినదగినది. వేకువజామున పాటతో పిల్లలను లేపేవారు. స్నానం చేసి, పదిహేను నిమిషాలు ఎవరికి వారు మౌనంగా కూర్చోవాలి. ఏమి ధ్యానించాలో ఎవ్వరూ చెప్పరు. పిదప ఎవరి చాప వారు చంకన పెట్టుకొని చెట్ల క్రిందికి పోవాలి. వాన వస్తే పాఠం లేదు, తడవడమే పాఠం. బెత్తం నిషిద్ధం. తప్పు చేసినవాణ్ణి విచారించేది పిల్లలు ఎన్నుకొన్న పిల్లల సభ. సెలవు ఆదివారం కాదు, బుధవారం. ఆ రోజు మందిరంలో ప్రార్థన, రవీంద్రుని ప్రసంగం. సాయంకాలాలు కథలు, నాటకాలు, చేతివ్రాత పత్రికలు. పెద్ద విద్యార్థులు సమీపంలోని సంతాలుల పల్లెలకు పోయి రాత్రిబడి నడిపేవారు. క్షితిమోహన్ సేన్, విధుశేఖర శాస్త్రి వంటి పండితులు అక్కడ ఉపాధ్యాయులు. సామాన్యమైన చదువుతో అక్కడికి వచ్చిన హరిచరణ్ బంద్యోపాధ్యాయ, రవీంద్రుని ప్రోత్సాహంతో బెంగాలీ మహానిఘంటువును ఒంటరిగా నిర్మించాడు.

ఒక్క విషయంలో రవీంద్రుడు ఓడిపోయాడు. పిల్లలు ఎంత స్వేచ్ఛగా పెరిగినా, చివరకు కలకత్తా విశ్వవిద్యాలయం వారి ప్రవేశపరీక్షకు కూర్చోక తప్పలేదు. పట్టా లేని చదువుకు తల్లిదండ్రులు అంగీకరించలేదు. పైతరగతులలో ఆ పరీక్ష నీడ పడినప్పుడల్లా తన పాఠశాల మామూలు బడిగా మారిపోతున్నదని ఆయన బాధపడేవాడు.

1912లో అనారోగ్యం వల్ల ప్రయాణం ఆగిపోయి షిలైదహాలో విశ్రాంతి తీసుకొంటూ, కాలక్షేపానికి తన గీతాలను కొన్నింటిని ఇంగ్లీషు వచనంలోకి మార్చాడు. వ్రాతప్రతి ఉన్న పెట్టెను రథీంద్రుడు లండన్ భూగర్భ రైలులో మరచిపోగా, పోయిన వస్తువుల కార్యాలయంలో అది దొరికింది. చిత్రకారుడు రోథెన్‌స్టైన్ ద్వారా అది కవి యేట్స్ చేతికి చేరింది. ఆయన పీఠికతో ఆ యేడే అచ్చైన ఇంగ్లీషు గీతాంజలిలో 103 గీతాలున్నాయి. పేరు ఒకటే అయినా అది 1910నాటి బెంగాలీ గీతాంజలికి యథాతథ అనువాదం కాదు. వాటిలో సగానికి కొంచెం మించి మాత్రమే బెంగాలీ గీతాంజలిలోనివి. మిగిలినవి ఇతర సంపుటాలలోనివి. 1913 నవంబరులో నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆసియా ఖండంలో ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే. బహుమతి ధనాన్ని ఆయన పతిసర్‌లోని వ్యవసాయ బ్యాంకులో ఉంచాడు. రైతులకు తక్కువ వడ్డీకి అప్పు దొరకాలి, వచ్చే వడ్డీతో పాఠశాల నడవాలి అని ఆయన ఆలోచన.

ఆ కాలపు నాటకాలలో డాక్ ఘర్, అంటే తపాలా కచేరి, ప్రత్యేకంగా చెప్పుకోదగినది. వైద్యుడు బయటికి పోరాదని శాసించిన అమల్ అనే జబ్బు పిల్లవాడు కిటికీ దగ్గర కూర్చుండి, దారిన పోయేవారితో మాట్లాడుతూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తాడు. సుద్దగిరిలోని బాలుడు ఇక్కడ మనకు మళ్లీ కనిపిస్తాడు. 1942 జూలైలో పోలండు దేశపు వార్సా నగరంలో, నాజీలు గోడ కట్టి బంధించిన యూదుల పేటలో, యానుష్ కోర్చాక్ అనే వైద్యుడు తన అనాథాశ్రమ బాలలచేత ఈ నాటకం ఆడించాడు. మరుసటి నెలలో ఆ పిల్లలను, వారిని విడిచిపోవడానికి ఒప్పుకోని ఆయనను ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి తరలించారు.

1918లో రవీంద్రుడు ఒక చిలుక కథ వ్రాశాడు. రాజుగారు చిలుకకు చదువు చెప్పించదలచారు. బంగారు పంజరం చేశారు, పండితులు వచ్చారు, గ్రంథాలు గుట్టలు పడ్డాయి. పంజరం బాగుచేసేవారు, గ్రంథాలు నకలు తీసేవారు, పర్యవేక్షకులు అందరూ బాగుపడ్డారు. గింజలకు, నీళ్లకు బదులు చిలుక నోట కాగితాలు కుక్కారు. చిలుక ఎప్పుడో చచ్చింది. రాజుగారు నొక్కి చూస్తే దాని కడుపులో కాగితాలు గలగలలాడాయి. కథ చిన్నది. దానిని చదివి నవ్వని విద్యాశాఖాధికారి ఆ రోజులలో ఉండి ఉంటే ఆశ్చర్యం లేదు.

ఆ మరుసటి ఏడు, 1919లో, తాను స్థాపించదలచిన విశ్వవిద్యాలయం గురించి చెబుతూ ఆయన దక్షిణదేశంలో పర్యటించాడు. అలసి, మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్లు విశ్రమించాడు. 1911లో కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి పాడిన జనగణమన గీతాన్ని అక్కడి విద్యార్థులకు వినిపించి, దానికి ఇంగ్లీషు అనువాదం స్వహస్తంతో వ్రాసి ఇచ్చాడు. కళాశాల అధ్యక్షుడు జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ దాని బాణీని స్వరపరచి పదిలపరచింది. 1950 జనవరి 24న అది మన జాతీయగీతమైంది. ఆయన మదనపల్లె విడిచిన కొద్దివారాలకే జలియన్‌వాలాబాగ్ మారణకాండ జరిగింది. 1915లో ప్రభుత్వం ఇచ్చిన సర్ బిరుదును ఆయన మే నెలాఖరున రాజప్రతినిధికి లేఖ వ్రాసి త్యజించాడు.

1921 డిసెంబరు 23న విశ్వభారతి ప్రారంభమైంది. విశ్వమంతా ఒక గూటికి చేరాలన్న ప్రాచీన భావన దానికి ఆదర్శం. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ మొదటి విదేశీ ఆచార్యుడుగా వచ్చాడు. నందలాల్ బోస్ నాయకత్వంలో కళాభవనం వెలిసింది. గాంధీ మహాత్మునితో ఆయనకు స్నేహమూ ఉంది, భేదమూ ఉంది. 1915లో శాంతినికేతనానికి వచ్చిన మహాత్ముడు, వంట, పాకీపని విద్యార్థులే చేసుకోవాలని సూచించగా, రవీంద్రుడు సమ్మతించాడు. ఆ ప్రయోగం కొద్దికాలమే సాగినా, మార్చి 10వ తేదీని గాంధీ పుణ్యదినంగా జరిపే ఆచారం ఏర్పడింది. సహాయనిరాకరణ కాలంలో మాత్రం, వేరొక బడి చూపకుండా పిల్లలను బడుల నుండి బయటికి పిలవడం తగదని రవీంద్రుడు నిర్మొహమాటంగా వ్రాశాడు.

పల్లెను మరచిన విద్య విద్య కాదని ఆయనకు తెలుసు. కనుకనే రథీంద్రుణ్ణి 1906లో వ్యవసాయం చదవడానికి అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి పంపాడు. 1922లో ఇంగ్లీషు వ్యవసాయవేత్త ఎల్మ్‌హర్స్ట్ సాయంతో సమీపంలోని సురుల్ గ్రామంలో శ్రీనికేతనం నెలకొన్నది. మలేరియా నివారణ, సహకార సంఘాలు, నేత, తోలుపని అక్కడి పాఠ్యాంశాలు. 1928లో హలకర్షణోత్సవం పెట్టి, కవి స్వయంగా నాగలి పట్టాడు.

తెలుగువారికి ఈ ఆశ్రమం దూరమైనది కాదు. బెజవాడ గోపాలరెడ్డి అక్కడ చదివి, రవీంద్రుని రచనలను ఎన్నో తెలుగులోకి తెచ్చి, అనంతరం ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రి అయినాడు. చలం గీతాంజలిని అనువదించాడు. 1933 డిసెంబరులో, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా ఉన్న కాలంలో, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రవీంద్రుడు మానవుని గురించి ఉపన్యాసాలిచ్చాడు.

వృద్ధాప్యంలోనూ ఆయనకు విశ్రాంతి దొరకలేదు. అరవయ్యవ పడి దాటాక చిత్రలేఖనం చేపట్టి, 1930లో పారిస్‌లో తన చిత్రాలను ప్రదర్శించాడు. ఆ యేడే పిల్లలకు బెంగాలీ అక్షరాలు నేర్పే వాచకం వెలువరించాడు. విశ్వభారతి బొక్కసం మాత్రం ఎప్పుడూ ఖాళీ. 1936లో డెబ్బయ్యయిదవ ఏట నాట్యబృందాన్ని వెంటబెట్టుకొని చందాల కోసం ఢిల్లీ చేరిన కవిని చూసి గాంధీ మహాత్ముడు చలించి, దాతల నుండి అరవై వేల రూపాయలు ఇప్పించి, ఇంటికి పొమ్మని ప్రాధేయపడ్డాడు. 1937లో కలకత్తా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవ ప్రసంగం బెంగాలీలో చేశాడు. ఆ వేదిక మీద ఆ భాష వినిపించడం అదే ప్రథమం. నలభయ్యయిదేళ్ల క్రితం తన వ్యాసంలో కోరినది అంతమేరకు నెరవేరింది. అదే సంవత్సరం విజ్ఞానశాస్త్రాన్ని బెంగాలీలో సులభంగా చెప్పే పుస్తకం వ్రాసి, భౌతికశాస్త్రజ్ఞుడు సత్యేంద్రనాథ బోసుకు అంకితమిచ్చాడు.

1940 ఫిబ్రవరిలో గాంధీ మహాత్ముడు చివరిసారి శాంతినికేతనానికి వచ్చి వెళ్లే వేళ, రవీంద్రుడు ఆయన చేతిలో ఒక లేఖ ఉంచాడు. తన జీవితంలోని అమూల్య వస్తువులను మోస్తున్న ఈ నావను తన అనంతరం కాపాడవలసిందని అందులోని ప్రార్థన. ఆ ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తన ప్రతినిధులను శాంతినికేతనానికే పంపి డాక్టరేటు ఇచ్చింది. పట్టా లేకుండా లండన్ నుండి వచ్చిన కవి, వారి లాటిన్ ప్రసంగానికి సంస్కృతంలో సమాధానమిచ్చాడు. 1941 జూలై 25న చికిత్స కోసం ఆశ్రమం విడిచాడు. జొరాసాంకో ఇంట్లోనే శస్త్రచికిత్స జరిగింది. ఆగస్టు 7వ తేదీన, తాను పుట్టిన ఆ ఇంట్లోనే కన్నుమూశాడు.

ఆ లేఖను మహాత్ముడు మౌలానా అబుల్ కలాం ఆజాద్‌కు చూపి ఉన్నాడు. ఆజాద్ విద్యామంత్రిగా ఉండగా, 1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమైంది. 2023లో యునెస్కో శాంతినికేతనాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1928లో రవీంద్రుడే మొదలుపెట్టిన వృక్షారోపణోత్సవాన్ని, ఆయన మరణానంతరం, బెంగాలీ పంచాంగం ప్రకారం ఆయన పోయిన శ్రావణమాసం 22వ దినాన జరుపుతున్నారు. ఆ రోజున పిల్లలు పాడుతూ ఊరేగింపుగా వచ్చి ఒక మొక్క నాటుతారు.